బోల్తా పడ్డ ట్యాంకర్ మీద ఏ గుర్తు మేలు?

తుని దగ్గరో అనకాపల్లి దగ్గరో 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఒక ట్యాంకర్ బోల్తా పడిందనుకోండి. డ్రైవరుకు స్పృహ లేదు. లోపల ఏముందో చెప్పాల్సింది ట్యాంకు మీది గుర్తులే. ప్రపంచంలో ఇవి ప్రధానంగా మూడు రకాలు: రంగుల డైమండ్ లేబుల్, యూరప్‌లో వాడే కెమ్లర్ అంకెలు, బ్రిటన్‌లో పుట్టిన హాజ్‌కెమ్ కోడ్. వీటిలో ఏది మేలన్నది, ముందుగా అక్కడికి చేరేది ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది.

డైమండ్ అందరికీ తెలిసిందే. ప్రమాదకర సరుకులన్నిటినీ ఐక్యరాజ్యసమితి 9 తరగతులుగా విడగొట్టింది. ఎర్ర రంగు మీద మంట బొమ్మ ఉంటే మండేది, చెయ్యీ లోహమూ కరిగిపోతున్న బొమ్మ ఉంటే ఆమ్లంలాంటిది. చదువు రానివాళ్ళకూ అర్థమవుతుంది, అదే దాని బలం. కానీ వంటగ్యాసుకూ పెట్రోలుకూ అదే ఎరుపు, అదే మంట. తేడా కింద ఉన్న అంకెలోనే: గ్యాసుకు 2, పెట్రోలుకు 3.

కెమ్లర్ ఇంకొంచెం లోతుకు వెళ్తుంది. డీజిల్‌కు 30, పెట్రోలుకు 33. అంకె రెండుసార్లు వచ్చిందంటే ప్రమాదం మరింత ఎక్కువని. ముందు ఎక్స్ ఉంటే నీళ్ళు తగలకూడదు; సోడియానికి అందుకే ఎక్స్423. తెలివైన పద్ధతే. అయితే ఆ ఎక్స్ తప్ప, అది సరుకు గుణం చెప్పి ఊరుకుంటుంది. ఏం చెయ్యాలో ఫైర్ సిబ్బందే తేల్చుకోవాలి.

హాజ్‌కెమ్ నేరుగా పని చెబుతుంది. 1970లలో లండన్ ఫైర్ బ్రిగేడ్‌లో తయారైంది కాబట్టి మంటార్పేవాడి అవసరం దానికి తెలుసు. పెట్రోలుకు 3వైఈ. 3 అంటే ఫోమ్ కొట్టు. వై అంటే పేలే ప్రమాదం ఉంది, శ్వాస పరికరం పెట్టుకో, ద్రవాన్ని కాలువలోకి పోనివ్వక అడ్డుకట్ట వెయ్యి. పెట్రోలు నీటి మీద తేలుతూ డ్రైనేజీ వెంట పోయి ఎక్కడో అంటుకుంటుంది మరి. చివరి అక్షరం 'ఈ' అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి ఆలోచించు. సల్ఫ్యూరిక్ ఆమ్లానికైతే 2పీ: సన్నటి నీటి తుంపర, ఒంటినిండా రసాయన సూటు, పలచన చేసి వదలొచ్చు. కెమ్లర్‌లో ఇదే ఆమ్లం 80. పలచన చెయ్యొచ్చో అడ్డుకట్ట వెయ్యాలో ఆ అంకె చెప్పదు. అందుకే ఫైర్ ఇంజన్ దిగేవాళ్ళకు నా ఓటు హాజ్‌కెమ్‌కే.

కానీ ఫైర్ ఇంజన్ కంటే ముందు వచ్చేది ఊరి జనం. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర బోల్తా పడ్డ ట్యాంకర్ నుంచి పెట్రోలు పట్టుకోవడానికి జనం డబ్బాలతో చేరారు. మంట అంటుకుని 200 మందికి పైగా చనిపోయారు. వాళ్ళకు 3వైఈ చూపించి ఏం లాభం? అక్కడ మంట బొమ్మే మేలు, అదీ దుమ్ము పట్టకుండా, రంగు వెలవకుండా ఉంటే.

మన 1989 మోటారు వాహనాల నిబంధనల్లో 134వది సరుకు పేరు కనీసం 50 మిల్లీమీటర్ల ఎత్తు అక్షరాల్లో ఉండాలంటుంది. ఇలాంటి బండి నడిపే డ్రైవరుకు ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషూ చదవడం, రాయడం రావాలని 9వ నిబంధన. రోడ్డు పక్క ఊళ్ళలో ఉండేవాళ్ళ భాష మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. మన రోడ్ల మీదే తిరిగే బండ్లకైనా బొమ్మ కింద తెలుగులో "మండుతుంది, దూరంగా వెళ్ళండి" అని రాయించాలని నా గట్టి కోరిక.

దారిన పోయేవాళ్ళు ఈ కోడ్‌లేవీ కంఠస్థం చెయ్యక్కర్లేదు. కోడ్ కింద నాలుగంకెల నంబరు ఉంటుంది: పెట్రోలుకు 1203, డీజిల్‌కు 1202, సల్ఫ్యూరిక్ ఆమ్లానికి 1830. ఏ దేశంలోనైనా ఆ నంబరు మారదు. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని అటువైపే దూరం జరగండి. అక్కణ్ణుంచి ఆ నంబరు కనబడితే 112కి ఫోన్ చేసి ముందు అదే చెప్పండి. కనబడకపోతే దగ్గరికి వెళ్ళొద్దు, బొమ్మ రంగు చెప్పినా చాలు.