ఆరేళ్లుగా క్లౌడ్‌లో కోహా: ఒక కాలేజీ లైబ్రేరియన్ అనుభవం

మాది దాదాపు 22 వేల పుస్తకాలున్న డిగ్రీ కాలేజీ లైబ్రరీ. పుస్తకాల జాబితా, ఇచ్చిపుచ్చుకోవడాలు చూసే కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ 2020 దాకా మా కౌంటర్ పక్కనున్న డెస్క్‌టాప్‌లో, ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేది. కరెంటు పోతే యూపీఎస్ కీచుమనేది, నేను పరుగెత్తేదాన్ని. కరోనాకి కాలేజీ మూసేశాక ఏ పుస్తకం ఉందో చూసుకోవడానికి కూడా పిల్లలకు దారి లేకపోయింది. ఆ ఖాళీలోనే ఒక క్లౌడ్ సర్వర్ (ఇంటర్నెట్ ద్వారా వాడుకునే వేరేవాళ్ల కంప్యూటర్) నెల అద్దెకు తీసుకుని, మొత్తం అందులోకి మార్చాను.

కోహా తెలియనివాళ్లకు రెండు ముక్కలు. న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా లైబ్రరీ ట్రస్ట్ కోసం 1999లో కటిపో అనే సంస్థ తయారుచేసింది. 2000 జనవరి నుంచి వాడకంలో ఉంది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. లైసెన్సుకి పైసా కట్టక్కర్లేదు, అది ఉండే చోటుకే అద్దె.

ఆ అద్దె దగ్గరే పిసినారితనం చేశాను. 1 జీబీ ర్యామ్ సర్వర్ తీసుకున్నాను. ఇన్‌స్టాల్ చక్కగా అయింది. కానీ డేటాబేస్ మరియాడీబీ, వెతికిపెట్టే జీబ్రా, వెబ్ సర్వర్ అపాచీ, కోహాని వేగంగా నడిపే ప్లాక్ అన్నీ ఆ కాస్త చోటులోనే సర్దుకోవాలి. కౌంటర్ దగ్గర పిల్లలు బారులు తీరిన రోజున మెమరీ చాలక లినక్స్ ఏకంగా డేటాబేస్‌నే ఆపేసేది. 2 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ జాగా) పెట్టి కొన్నాళ్లు నెట్టుకొచ్చాను. 4 జీబీకి మారాకే టెన్షన్ తగ్గింది. మా అంత లైబ్రరీకి అంతకన్నా తక్కువ తీసుకోవద్దు.

సర్వర్ గడియారం మన టైమ్‌కి ఐదున్నర గంటలు వెనకుండే యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉందని కూడా మొదట చూసుకోలేదు. పొద్దున పదింటికి ఇచ్చిన పుస్తకం తెల్లవారుజామున నాలుగున్నరకి ఇచ్చినట్టు రికార్డయింది! టైమ్‌జోన్ మార్చితే సరిపోయింది. గడువు దాటిన పుస్తకాల మెయిళ్లు మాత్రం మూడు వారాలు క్యూలోనే పడి ఉన్నాయి. స్పామ్ భయంతో క్లౌడ్ కంపెనీలు చాలావరకు సర్వర్ నుంచి మెయిళ్లు నేరుగా వెళ్లే దారిని, అంటే పోర్ట్ 25ని, మూసి ఉంచుతాయి. కాలేజీ మెయిల్ అకౌంట్ ద్వారా పోర్ట్ 587లో పంపితే వెళ్లాయి.

అసలు శ్రమంతా తెలుగు పుస్తకాల దగ్గర పడింది. మా పాత జాబితా అను ఫాంట్లలో టైప్ చేసి ఉంది. అది అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ కాదు కాబట్టి, ఎక్సెల్ నుంచి తెచ్చి పెడితే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వచ్చాయి. కన్వర్టర్‌తో మార్చినా ఒత్తులు తారుమారయ్యాయి. యాక్సెషన్ రిజిస్టర్ (కొన్న ప్రతి పుస్తకానికీ నంబరిచ్చి రాసే పుస్తకం) పక్కన పెట్టుకుని ఒక్కో పేరూ సరిచూశాను. రెండు వేసవి సెలవులు దానికే పోయాయి. తర్వాత వెతుకులాట. జీబ్రాలో మామూలుగా ఉండే సెట్టింగ్‌తో తెలుగు మాటలు సరిగా దొరకలేదు. ఐసీయూ అనే, యూనికోడ్ భాషలు తెలిసిన సెట్టింగ్‌కి మార్చి, మొత్తం రికార్డుల్ని మళ్లీ ఇండెక్స్ చేశాక దొరికాయి. అయినా మా పిల్లలు తెలుగులో టైప్ చేస్తే కదా! ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు. అందుకని క్యాటలాగ్ రికార్డులో అసలు పేరు రాసే 245 ఫీల్డ్‌లో తెలుగు పేరు, పేరు మరో రూపం రాసే 246లో ఇంగ్లిష్ అక్షరాల్లో అదే పేరు పెడుతున్నాను. క్యాటలాగింగ్ మాస్టార్లు ఒప్పుకుంటారో లేదో గానీ, పుస్తకం మాత్రం దొరుకుతోంది.

డబ్బు కట్టడం ఇంకో కథ. మొదట్లో నా కార్డు నుంచే డాలర్లలో పోయేది. 2021 అక్టోబర్‌లో ఆటో డెబిట్లకు రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. నా చెల్లింపు ఫెయిలైంది. హెచ్చరిక మెయిళ్లు నేను చూడలేదు. దసరా సెలవుల తర్వాత వచ్చేసరికి సర్వర్ ఆగిపోయి ఉంది. డబ్బు కట్టగానే డేటాతో సహా లేచింది గానీ, ఆ గంటసేపు నా ప్రాణం నాలో లేదు. ఇక ఆఫీసులో, "మేడమ్, మూడు క్వొటేషన్లు ఏవి? బిల్లు మీద స్టాంపు ఏది?" ఇప్పుడు రూపాయల్లో, జీఎస్టీతో ఏడాది బిల్లు ఇచ్చే చోటికి మారాను. కాస్త ఎక్కువే, కానీ ఆడిట్‌లో మాట పడక్కర్లేదు.

సర్వర్ ముంబైలో ఉన్నా కౌంటర్‌లో ఆ దూరం తెలియదు. మా ఇంటర్నెట్ పోతేనే తెలుస్తుంది. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్, అదీ లేకపోతే నోటుబుక్కులో రోల్ నంబర్, యాక్సెషన్ నంబర్.

కోహా రోజూ బ్యాకప్ తనే తీసుకుంటుంది. కానీ మనం మార్చకపోతే రెండు రోజులవే ఉంచుతుంది, అవీ అదే సర్వర్‌లో. నేను వాటిని రోజూ బయటికి కాపీ చేసుకుంటాను. మూణ్నెల్లకోసారి పాత డెస్క్‌టాప్‌లో రీస్టోర్ చేసి చూస్తాను. కొత్త వెర్షన్లు ఏటా మే, నవంబర్ నెలల్లో వస్తాయి. అప్‌డేట్లు ఎక్కడినుంచి రావాలో చెప్పే రిపాజిటరీ సెట్టింగ్‌లో "స్టేబుల్" అని రాసి వదిలేస్తే మామూలు అప్‌డేట్‌తోపాటే పెద్ద వెర్షన్ దిగిపోతుంది. నాకు సరిగ్గా పరీక్షల ముందు దిగింది. ఇప్పుడు వెర్షన్ నంబరే రాసి పెడుతున్నాను. ఈ మధ్య ఏఐ క్రాలర్లు (ఏఐ కంపెనీల కోసం వెబ్ పేజీలు ఏరుకునే ప్రోగ్రాములు) ఓపాక్, అంటే మా ఆన్‌లైన్ క్యాటలాగ్, మీద పడి వెతుకుతూనే ఉంటున్నాయి, సర్వర్ మూలుగుతోంది. సర్వర్‌కి ముందు అడ్డుగా క్లౌడ్‌ఫ్లేర్ అనే సేవ పెట్టాక ఆ తాకిడి నెమ్మదించింది.

మళ్లీ డెస్క్‌టాప్‌కి వెళ్లమంటే వెళ్లను. లినక్స్ కమాండ్లంటే భయపడని మనిషి లైబ్రరీలో లేకపోతే మాత్రం, సొంతంగా పెట్టుకోకుండా కోహా సపోర్ట్ ఇచ్చేవాళ్లకి అప్పగించమంటాను. మా సర్వర్ పాస్‌వర్డ్ సీల్డ్ కవర్లో ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉంది. ఆ కవర్ తెరిచినా దానితో ఏం చేయాలో తెలిసినవాళ్లు మా స్టాఫ్‌లో ఇంకా ఎవరూ లేరు. నా ట్రాన్స్‌ఫర్ మాత్రం వచ్చే ఏడాదే.