మెమ్‌టెస్ట్86 ప్లస్: కొన్నేళ్లు వాడిన మీదట

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో వే బ్రిడ్జి కంప్యూటర్లను బాగుచేయడం నా పనిలో పెద్ద భాగం కాబట్టి, ర్యామ్ (కంప్యూటర్ తాత్కాలిక మెమరీ) పరీక్షకు మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ప్రోగ్రామ్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఇది ఉచితం, పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బూట్ అవుతుంది గనుక విండోస్ తెరుచుకోని కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. 2022లో వచ్చిన 6.00 వెర్షన్‌తో యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన, కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఉన్న కంప్యూటర్లకూ పనికొచ్చింది.

మెమరీ అంతటా ఒక నమూనా రాసి, చదివి, దాన్ని తిరగేసి మళ్లీ రాసి చదవడం ఇందులోని ముఖ్యమైన పద్ధతి. తేడా వస్తే ఏ అడ్రస్‌లో, ఏ విలువ ఉండాల్సింది, ఏది కనిపించిందో ఎర్రగా చూపుతుంది. అయితే ఆ ఎరుపును చూసి వెంటనే ర్యామ్ పోయిందని తేల్చేయకూడదు. మిల్లుల్లో తవుడు దుమ్ము స్లాట్‌లో పేరుకుంటుంది. బ్లోయర్‌తో ఊది, ర్యామ్ కాంటాక్టులను రబ్బరుతో తుడిచి మళ్లీ పెడితే తప్పులు ఆగిపోయిన సందర్భాలు నాకు చాలానే ఎదురయ్యాయి. అప్పటికీ ఆగకపోతే అదే ర్యామ్‌ను వేరే స్లాట్‌లో, బాగున్న మరో ర్యామ్‌ను పాత స్లాట్‌లో పెట్టి చూస్తాను. తప్పు ర్యామ్ వెంట వెళితే లోపం ర్యామ్‌ది. స్లాట్‌లోనే ఉండిపోతే బోర్డునో, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌నో అనుమానించాలి. రెండు ర్యామ్‌లూ విడివిడిగా బాగుండి, కలిపితేనే తప్పులొస్తే ముందు బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగు) ఆపి చూడాలి.

వేడి పెరిగితే ర్యామ్‌లోని ఛార్జ్ త్వరగా కారిపోతుంది. అందుకే మే నెలలో ఏసీ గదికి తెచ్చి పరీక్షించడం కంటే, మిల్లులోనే మధ్యాహ్నం పూట క్యాబినెట్ మూసి నడపడం మేలని నా అభిప్రాయం.

పెద్ద ఇబ్బంది సమయం. ఒక్క పాస్‌తో (అన్ని పరీక్షలూ ఒకసారి పూర్తవడంతో) నమ్మకం కుదరదు, రాత్రంతా వదిలేయాలి; కాంటా మీద లారీ నిలబడి ఉండగా ఆ మాట మిల్లు యజమానికి చెప్పడం అంత సులువు కాదు. కొన్ని కంప్యూటర్లలో సెక్యూర్ బూట్ (గుర్తింపు సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే బూట్ కానిచ్చే రక్షణ) ఆపితే తప్ప ఇది బూట్ కాలేదు. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉన్న ల్యాప్‌టాప్‌లో ఆ పని చేసే ముందు రికవరీ కీ చేతిలో ఉంచుకోవాలి, లేకుంటే విండోస్ ఆ కీ అడిగి ఆగిపోవచ్చు.

చెడిన ర్యామ్ అప్పటికే హార్డ్ డిస్క్‌లోకి పంపిన తప్పుడు డేటా గురించి ఇది ఏమీ చెప్పదు. కాబట్టి ర్యామ్ మార్చిన తర్వాత తూకం బిల్లుల డేటాబేస్‌ను పాత బ్యాకప్‌తో సరిచూసే పని విడిగా చేసుకోవాల్సిందే.