లిబ్రేఆఫీస్ గైడ్లు: మెయిల్ మెర్జ్ ఒక్కటి, పుస్తకాలు మూడు

విశాఖ ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ 300 మంది తల్లిదండ్రులకు ఫీజు ఉత్తరాలు పంపాలనుకోండి. వాడేది ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్. పేర్లు, చిరునామాలు, బకాయిలు దాని స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ క్యాల్క్‌లో ఉన్నాయి, ఉత్తరం రాత ప్రోగ్రామ్ రైటర్‌లో ఉంది. రెండింటినీ కలిపే పద్ధతి, అంటే మెయిల్ మెర్జ్, లిబ్రేఆఫీస్ గైడ్లలో ఎక్కడుంది? రైటర్ గైడ్‌లో ఉంది. డేటాబేస్ ప్రోగ్రామైన బేస్ గైడ్‌లోనూ ఉంది. అందులో ముఖ్యమైన ముక్క, అంటే డేటా సోర్స్‌ను (సమాచారం ఉన్న ఫైలును) లిబ్రేఆఫీస్‌కు తెలిసేలా రిజిస్టర్ చేయడం, క్యాల్క్ గైడ్‌లో కూడా కనిపిస్తుంది.

పీడీఎఫ్‌గా, ఓడీటీగా (రైటర్ ఫైలుగా) ఉచితంగా దొరికే ఈ గైడ్లలో సరుకుకు లోటు లేదు. పేచీ అంతా పంపకం దగ్గరే. ప్రోగ్రామ్‌కు ఒక పుస్తకం చొప్పున పంచారు, కానీ ఫీచర్లు ఆ గోడల మధ్య ఇమడవు. రిజిస్టర్ చేసే విజార్డ్‌లోనే ‘అన్ని మాడ్యూళ్లకూ అందుబాటులో ఉంచు’ అనే టిక్ పెట్టె ఉంది మరి!

ఈ పనికి తెరవాల్సింది రైటర్ గైడే. ఫైల్ మెనూలో విజార్డ్స్, అందులో అడ్రస్ డేటా సోర్స్. ‘ఇతర బయటి డేటా సోర్స్’ ఎంచుకుని, సెట్టింగ్స్‌లో స్ప్రెడ్‌షీట్ అని చెప్పి, క్యాల్క్ ఫైలు చూపించాలి. ఫీల్డ్ అసైన్‌మెంట్ దశను వదిలేయవచ్చు. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే డేటా సోర్సులు పైన తెరుచుకుంటాయి. నిలువు వరస శీర్షికను పట్టి ఉత్తరంలోకి లాగాలి. ప్రింట్ కొట్టగానే ఫారమ్ లెటర్‌గా ముద్రించాలా అని అడుగుతుంది, అవునంటే చాలు. షీట్ మొదటి అడ్డ వరసలో శీర్షికలు లేకపోతే మొదటి విద్యార్థి పేరే ఫీల్డ్ పేరైపోతుంది. విజార్డ్ తయారుచేసే ఓడీబీ (డేటాబేస్) ఫైలులో ఉండేది క్యాల్క్ ఫైలుకు దారి మాత్రమే. ఆ ఫైలును ఇంకో ఫోల్డర్‌కు మార్చారా, లంకె తెగినట్టే.

రైటర్ గైడ్ ఒక్కటే చదివినవాళ్లు ఇరుక్కునే చోటు ఒకటుంది: మన విశాఖ డోర్ నంబర్లు. 50-81-12 అని కొడితే ఏమీ కాదు, 81వ నెల ఉండదు కాబట్టి బతికిపోతుంది. 10-5-12 మాత్రం లొకేల్ (భాష, ప్రాంతం) సెట్టింగును బట్టి తేదీగా మారిపోయే ప్రమాదముంది. అందుకే 300 ఉత్తరాల్లో కొన్నింటికే చిరునామా చెడి, కారణం తట్టదు. చిరునామా వరసను టైపు చేయకముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టాలి. తేదీ అయ్యాక ఫార్మాట్ మార్చినా పాత నంబరు రాదు, మళ్లీ టైపు చేసుకోవాల్సిందే.

ఈ జాగ్రత్త ఏ పుస్తకంలో ఉండాలి? కారణం క్యాల్క్‌లో ఉంది, తప్పు బయటపడేది రైటర్‌లో. చదివేవాడు తప్పు కనిపించిన చోటే వెతుకుతాడు. కాబట్టి పూర్తి వివరణ క్యాల్క్ గైడ్‌లో, మెయిల్ మెర్జ్ అధ్యాయంలో ఒక హెచ్చరిక వాక్యం, పక్కనే క్యాల్క్ అధ్యాయం పేరు. మొత్తం దశలు రెండు చోట్లా రాయడం మాత్రం తప్పు. ఎందుకంటే మెనూ పేర్లు మారతాయి. ఆప్షన్స్‌లో ఒకప్పటి ‘లాంగ్వేజ్ సెట్టింగ్స్’ ఇప్పుడు ‘లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్’ అయింది. పైగా గైడ్లన్నీ ఒకేసారి కొత్తవి కావు, ఒక పుస్తకంలో దిద్దిన దశ మరో దాంట్లో పాతగానే మిగిలిపోతుంది. దించుకునే ముందు అట్టమీద వెర్షన్ నంబరు చూడండి.

అలాగని పునరుక్తి అంతా దండగ కాదు. మ్యాక్‌లో మెనూలు ఎలా మారతాయో చెప్పే చిన్న పట్టిక ప్రతి గైడ్ ముందు పేజీల్లో ఉంటుంది. అరపేజీ కూడా ఉండదు, దానికోసం వేరే పుస్తకం తెరిపించడం అన్యాయం.

తెలుగు టైపు చేసేవాళ్లకు ఇదే చిక్కు ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఆప్షన్స్‌లో తెలుగు వంటి లిపులకు ఉద్దేశించిన కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌ను (సీటీఎల్) ఆన్ చేసి తెలుగు ఎంచుకోవడం మొత్తం సూట్‌కు ఒకేసారి చేసే పని, గెటింగ్ స్టార్టెడ్ గైడ్‌కు చెందాలి. పేరాగ్రాఫ్ స్టైల్‌లో తెలుగు ఫాంటు పెట్టడం రైటర్ గైడ్‌ది. స్టైల్‌లో పాశ్చాత్య లిపి విభాగంలో సైజు 14 పెట్టి, తెలుగు అక్షరాలు ఎందుకు పెరగలేదని తల పట్టుకోవడం మామూలే. సీటీఎల్ విభాగంలో విడిగా పెట్టాలి. ఈ ఒక్క మాట స్టైళ్ల అధ్యాయంలో, సందర్భం వచ్చిన చోటే ఉంటే డాబాగార్డెన్స్ డీటీపీ కుర్రాళ్లకు ఎంతో పొద్దు కలిసొచ్చేది.

ఎఫ్1 మీట నొక్కితే వచ్చే సహాయం సంగతి వేరు. అది ఎదురుగా ఉన్న డైలాగ్‌లో ఏ బటన్ ఏం చేస్తుందో చెబుతుంది. ఆఫ్‌లైన్ సహాయం ప్యాక్ విడిగా వేసుకోకపోతే ఆన్‌లైన్ సహాయమే తెరుచుకుంటుంది, నెట్ కావాలి.

ఉత్తరాలు, నోటీసులు, లేబుళ్ల పనికైతే గెటింగ్ స్టార్టెడ్, రైటర్ గైడ్లు రెండూ చాలు. క్యాల్క్ గైడ్‌లో డేటా లంకెల అధ్యాయం, సెల్ ఫార్మాటింగ్ భాగం విడిగా ముద్రించి పెట్టుకోండి. చిరునామాలు నిజంగా డేటాబేస్‌లోనే ఉంటే తప్ప బేస్ గైడ్ జోలికి పోనక్కర్లేదు.