నాలుగు వాట్ల గిటార్ ఆంప్‌కి అయిదు స్పీకర్లు మార్చి చూశా

ఇంట్లో చేసుకున్న చిన్న గిటార్ ఆంప్‌కి (యాంప్లిఫయర్‌కి) ఏ స్పీకర్ పెట్టాలి అని ఈ మధ్య నన్ను ముగ్గురు అడిగారు, ముగ్గురికీ ఫోన్లో అదే కథ చెప్పి చెప్పి గొంతు ఎండిపోయింది, అందుకే మొత్తం ఇక్కడ రాసేస్తున్నా. నేను ఇంజనీర్ని కాదు, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చు అంతే, కానీ ఆరు నెలల్లో ఒకే డబ్బాకి అయిదు స్పీకర్లు బిగించి విప్పి బిగించి చూశాను కాబట్టి ఆ మాత్రం చెప్పే హక్కు ఉందనుకుంటున్నా.

ముందు ఆంప్ సంగతి. టీడీఏ 2030 అనే ఆంప్ చిప్ ఉన్న బోర్డు, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఏ షాపులో అడిగినా ఇచ్చేదే, దాని ముందు ఫెట్ ట్రాన్సిస్టర్‌తో చిన్న ప్రీఆంప్, అంటే గిటార్ సిగ్నల్‌ని ముందుగా కొంచెం పెంచేది. బోర్డు కొనేటప్పుడు 18 వాట్లు అన్నారు, నేను కూడా నమ్మేసి పొంగిపోయా. తర్వాత లెక్క వేసుకుంటే, 12 వోల్టుల అడాప్టర్ మీద 8 ఓమ్స్ స్పీకర్‌కి (ఓమ్స్ అంటే కరెంటుకి అడ్డు ఎంతో చెప్పే కొలత, తక్కువైతే కరెంటు ఎక్కువ లాగుతుంది) సౌండ్ పగలకుండా క్లీన్‌గా వచ్చేది ఒకటింపావు వాట్, అంతే. పాడైన ల్యాప్‌టాప్ తాలూకు 19 వోల్టుల చార్జర్ పెట్టాక దగ్గర దగ్గర 4 వాట్లకి వచ్చింది. హీట్ సింక్ మాత్రం పెద్దది పెట్టండి, చెయ్యి కాలుతుంది. డబ్బా 12 ఎంఎం ప్లైవుడ్, అడుగు పొడుగు అడుగు ఎత్తు ఏడంగుళాల లోతు, వెనక సగం తెరిచే ఉంచా.

నాలుగు వాట్లంటే ఏంటి, దోమ కూడా లేవదు అనుకుంటాం కదా, అక్కడే నేను మొదటి తప్పు చేశా. వాట్లు చూశాను కానీ సెన్సిటివిటీ చూడలేదు. స్పీకర్‌కి ఒక్క వాట్ ఇచ్చి ఒక మీటర్ దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తుందో, అదీ సెన్సిటివిటీ. మూడు డెసిబెల్స్ ఎక్కువ ఉంటే అదే చప్పుడుకి సగం పవర్ చాలు. 86 ఉన్న స్పీకర్‌కీ 95 ఉన్న స్పీకర్‌కీ తేడా తొమ్మిది, అంటే ఎనిమిది రెట్లు, అంటే నా నాలుగు వాట్లు మంచి స్పీకర్ మీద చేసే చప్పుడు అవతలి దాని మీద రావాలంటే 32 వాట్లు కావాలి. ఈ ఒక్క ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పుంటే రెండు స్పీకర్లు బిగించి విప్పే శ్రమ మిగిలేది.

మొదట పెట్టింది కారు స్పీకర్. బావ కారులో సిస్టమ్ మార్చినప్పుడు తీసేసింది, ఆరంగుళాలది, మధ్యలో పై స్వరాలకి బుల్లి ట్వీటర్, చుట్టూ రబ్బరు అంచు, చూడ్డానికి దర్జాగా ఉంది, ఫ్రీ. క్లీన్‌లో వాయిస్తే పర్లేదు, కొంచెం మెత్తగా, దుప్పటి కప్పినట్టు. సౌండ్ కూడా తక్కువే. గెయిన్ (సౌండ్ పగిలి గరుకెక్కేలా, అంటే డిస్టార్షన్ వచ్చేలా సిగ్నల్ పెంచడం) పెంచానో లేదో మొదలైంది అసలు సంబరం, ట్వీటర్లోంచి జుర్రుమని ఈగ సీసాలో ఇరుక్కున్నట్టు ఒకటే గోల. దానికి కారణం ఉంది. గిటార్ స్పీకర్లు అయిదు వేల హెర్ట్జ్ (హెర్ట్జ్ పెరిగేకొద్దీ స్వరం పైకి పోతుంది) దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తాయి, ఆ పైన పెద్దగా ఏమీ వినిపించవు, డిస్టార్షన్లో ఉండే గరుకంతా అక్కడే ఆగిపోతుంది. కారు స్పీకర్ పాటలకి చేసింది, అది పదిహేను వేల దాకా నిజాయితీగా అన్నీ వినిపిస్తుంది. ఇక్కడ ఆ నిజాయితీయే మనకి పనికిరాదు.

రెండోది పాత టీవీలో నాలుగంగుళాల స్పీకర్. దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, రేకు డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టుంది. తీసేశా.

మూడోది కొనుక్కున్నదే, అదే గల్లీలో, పేరు అనవసరం. ఎనిమిదంగుళాలది, మైక్ సెట్ల బాక్సుల్లో వేసే రకం, కాగితం కోన్ (ఊగి శబ్దం చేసే గరాటు లాంటి భాగం). షాపతను "తీస్కో భయ్యా, ఫిఫ్టీ వాట్స్, ఎయిట్ ఓమ్స్, గుడ్డిగా తీస్కో" అన్నాడు. నేను కూడా గుడ్డిగానే తీసుకున్నా. ఇంటికొచ్చి మల్టీమీటర్ పెడితే 3.4 చూపించింది. 8 ఓమ్స్ స్పీకర్ అయితే మీటర్లో ఆరు, ఆరున్నర అలా చూపిస్తుంది, 3.4 అంటే అది నాలుగు ఓమ్స్‌ది. వెనక స్టిక్కర్ మీద మాత్రం 8 అనే ఉంది, గోరుతో గీకితే కింద ఇంకో స్టిక్కర్! మర్నాడు వెళ్తే "అన్నీ అట్లనే వస్తయ్ భయ్యా, పాడుతుంది కదా" అన్నాడు, మార్చలేదు. కాబట్టి గల్లీకి వెళ్ళేటప్పుడు జేబులో చిన్న మీటర్ పెట్టుకెళ్ళండి, సిగ్గుపడకండి. ఒక పెన్సిల్ సెల్ కూడా. సెల్‌ని రెండు కొసలకీ ఇలా తాకించి తీస్తే టక్ మని కోన్ కదలాలి, ప్లస్ సరిగ్గా ఉంటే ముందుకి వస్తుంది. ఆ తర్వాత రెండు చేతుల వేళ్ళతో కోన్‌ని అన్ని వైపులా సమానంగా మెల్లగా లోపలికి నొక్కి చెవి దగ్గర పెట్టి వినండి, గీర్ గీర్ మని రాసుకుంటుంటే వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిలించే తీగ చుట్ట) వంకర పోయినట్టే, ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

సరే, మోసపోయాం అనుకుని బిగించా. నాలుగు ఓమ్స్ టీడీఏకి పర్లేదు, తట్టుకుంటుంది, ఇంకా చెప్పాలంటే పవర్ ఎక్కువే లాగింది, చిప్ వేడెక్కింది అంతే. మీ ఆంప్ ఎంతకి తట్టుకుంటుందో దానికంటే తక్కువ ఓమ్స్ స్పీకర్ మాత్రం పెట్టకండి, ఎక్కువ పెడితే ఇలాంటి చిప్ ఆంప్‌లో సౌండ్ తగ్గుతుంది కానీ ఏమీ కాలదు. కానీ స్పీకర్ తగిలించి ఒక ‘ఈ మైనర్’ (E minor) కార్డ్ కొట్టగానే, నిజం చెప్తున్నా, ఒళ్ళు జలదరించింది. పక్క గదిలోంచి మా ఆవిడ "ఏంటది" అని వచ్చింది. అదే బోర్డు, అదే చార్జర్, అదే గిటార్. మైక్ సెట్ స్పీకర్లు పెళ్ళి పందిట్లో గట్టిగా వినిపించాలి కాబట్టి సెన్సిటివిటీ ఎక్కువగా చేస్తారు, కోన్ తేలిగ్గా ఉంటుంది, కాగితపు అంచు బిరుసుగా ఉంటుంది, గిటార్ స్పీకర్ కూడా ఇంచుమించు ఇదే సంసారం.

ఒక్కటే ఇబ్బంది, దీనికి మధ్యలో ఇంకో చిన్న కోన్ ఉంది, గిన్నెలో గిన్నె పెట్టినట్టు. దాన్ని విజ్జర్ అంటారు, పై స్వరాలు బాగా రావడానికి పెడతారు. మైకులో మాటలకి మంచిదే కానీ గెయిన్ పెంచితే మళ్ళీ ఆ ఈగ వచ్చి కూర్చుంది, కారు స్పీకర్ అంత కాదు కానీ వచ్చింది. రెండు రోజులు ఆలోచించి మూడో రోజు రాత్రి ధైర్యం చేసి కోసేశా. కొత్త బ్లేడు తీసుకుని, స్పీకర్‌ని బోర్లా పట్టుకుని పొట్టు లోపలికి పడకుండా కింది నుంచి, అంటించిన జిగురుకి మూడు ఎంఎం పైన గుండ్రంగా కోసుకుంటూ వచ్చా, పెద్ద కోన్‌కి గాటు పడుతుందేమోనని ఊపిరి కూడా సరిగ్గా తీసుకోలేదు. ఊడి చేతిలోకి వచ్చిన ఆ చిన్న కాగితం గరాటు చూస్తే నవ్వొచ్చింది, దీనికోసమా ఇంత. తర్వాత వాయిస్తే గరుకు పోయి ఒక మందపాటి గుర్రు మిగిలింది, బ్లూస్ వాయించేవాళ్ళకి నచ్చే గుర్రు. ఇన్ని రోజుల్లో పెట్టిన ఖర్చుకి ఎక్కువ ఫలితం వచ్చింది ఈ బ్లేడు మీదే. వారంటీ గురించి అడగకండి, అది స్టిక్కర్ గీకినప్పుడే పోయింది.

నాలుగోది మా తాతయ్య మర్ఫీ రేడియోలోది. వాల్వ్ రేడియో, ఊళ్ళో అటక మీద ఉండేది, ఎప్పుడో మూగబోయింది. లోపల కోలగా ఉన్న స్పీకర్, వెనక వేలెడంత ఆల్నికో (ఒక లోహ మిశ్రమం) మాగ్నెట్, కోన్ ఎండిన తమలపాకులా ఉంది, అంచు దగ్గర రెండంగుళాలు చిరిగింది. టీ బ్యాగ్ కాగితం ముక్క పల్చటి ఫెవికాల్‌తో అంటించి ఒక రాత్రి ఆరబెట్టా. మీటర్లో 2.8, అంటే మూడు ఓమ్స్ రకం, పాత రేడియోల్లో అలాంటివే ఉండేవి. నేరుగా పెడితే చిప్‌కి ప్రమాదం, అందుకే 4.7 ఓమ్స్ అయిదు వాట్ల రెసిస్టర్ ఒకటి సిరీస్‌లో వేశా, సగానికి పైగా పవర్ ఆ తెల్ల ఇటుక ముక్కే తినేస్తుంది, పర్లేదు, ముసలి కోన్‌కి మిగిలిందే ఎక్కువ. సౌండ్? ఎలా చెప్పాలి. కింద బేస్ ఏమీ లేదు, గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది కదా, ఇది దాన్ని అసలు పట్టించుకోలేదు. కానీ మధ్యలో ఉన్న స్వరాలు, అబ్బా, పొద్దున్నే వంటింట్లోంచి రేడియో వినిపించినట్టు, ఒక్కో తీగ ముక్కుతో పాడుతున్నట్టు, ఒక్కసారి విన్నాక మర్చిపోలేరు. గట్టిగా కొడితే మాత్రం కోన్ గిలగిలా కొట్టుకుంటుంది. రోజూ వాయించడానికి కాదు, రికార్డింగ్‌లో ఒక మూల వాడుకోవడానికి బంగారం.

ఇక అయిదోది, అసలు గిటార్ స్పీకర్. జెన్సెన్ మాడ్ 8-20, ఎనిమిదంగుళాలు, 20 వాట్లు, 8 ఓమ్స్. ఈ సైజులో సెలెస్టియన్ వాళ్ళ ఎయిట్ 15 కూడా ఉంది, అది 15 వాట్లది, నేను వాయించి చూడలేదు కాబట్టి మాట్లాడను. జెన్సెన్ ఆన్‌లైన్లో తెప్పించా, మిగతా నాలుగింటికీ అయిన ఖర్చంతా కలిపినా దీని రేటులో సగం కాలేదు, అది ముందే చెప్తున్నా. పెట్టిన మొదటి రోజు నిరాశే, బిగుసుకుపోయి ఉంది, పైన కొంచెం గీరుగా కూడా ఉంది. రెండు మూడు వారాలు రోజూ వాయించాక మెత్తబడింది. స్పీకర్ మారిందా నా చెవి మారిందా అంటే చెప్పలేను, రెండూ కొంచెం కొంచెం అయ్యుంటాయి. ఇప్పుడు క్లీన్ గలగలమంటుంది, వాల్యూమ్ పెంచితే మెల్లిగా విరుగుతుంది, ఈగ లేదు, గిటార్ మీద వాల్యూమ్ నాబ్ తగ్గిస్తే మళ్ళీ క్లీన్ అయిపోతుంది. విజ్జర్ కోసిన దానికి ఈ ఆఖరి గుణం లేదు, అది ఎప్పుడూ ఒకే మూడ్‌లో ఉంటుంది.

మరి అంత రేటు పెట్టొచ్చా అంటే, మీ ఆంప్ ఎల్ఎం 386 చిప్ మీద అర వాట్ దగ్గర నడిచేదైతే ముందు ఆ మైక్ సెట్ స్పీకర్ కొనండి, బ్లేడు కొనండి, ఆర్నెల్లు వాయించండి. అర వాట్ ఆంప్‌కి కూడా ఎనిమిదంగుళాలదే పెట్టండి, చిన్న ఆంప్‌కి చిన్న స్పీకర్ అనే లెక్క తప్పు. ఫెండర్ వాళ్ళు పాత చాంప్‌లో అయిదు వాట్లకి ఎనిమిదంగుళాలది ఊరికే పెట్టలేదు. డబ్బా చిన్నది కావాలి, బ్యాగులో పట్టాలి అంటే ఆరున్నర దాకా దిగొచ్చు, అయిదంగుళాల కిందకి దిగితే మాత్రం అది బొమ్మే. టీడీఏ లాంటి దానితో రోజూ గంట వాయించేవాళ్ళయితే జెన్సెన్ పెట్టుకోండి, బాధపడరు. కారు స్పీకర్ మాత్రం ఫ్రీగా వచ్చినా కారులోనే ఉంచండి.

ప్రస్తుతం డబ్బాలో జెన్సెన్ ఉంది. మైక్ సెట్ది మా తమ్ముడు పట్టుకుపోయాడు, వాడి బాస్ గిటార్‌కి తగిలించాడట, వద్దురా కోన్ చిరుగుతుంది అన్నా వినలేదు. రేడియో స్పీకర్ నా టేబుల్ మీద బిస్కెట్ల డబ్బాలో బిగించి ఉంది. ఖాళీ అయిన రేడియో పెట్టెలో అమ్మ కరెంటు బిల్లులు పెట్టుకుంటోంది, "తాతయ్య రేడియో గొంతు ఎప్పుడు తిరిగి పెడతావురా" అని వెళ్ళినప్పుడల్లా అడుగుతుంది, ఇంకో రికార్డింగ్ ఉందమ్మా అంటున్నా.