జాగ్రత్త: డాలస్ గ్రూపుల్లో అమ్ముతున్న ‘ఇంటర్నేషనల్ లైసెన్స్’ ప్యాకేజీ కొనకండి

దీన్ని అమ్మే ఏజెంట్ పేరు రాయను. మన డాలస్ స్టూడెంట్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకి రాయనక్కర్లేదు కూడా. ఆగస్టులో, జనవరిలో కొత్త బ్యాచ్ దిగీదిగగానే అదే పోస్టరు, అవే మాటలు: ‘ఇంటర్నేషనల్ డ్రైవింగ్ లైసెన్స్, ఐదేళ్ల వ్యాలిడిటీ, రోడ్ టెస్ట్ అక్కర్లేదు, డీపీఎస్ అపాయింట్‌మెంట్ కూడా మేమే ఇప్పిస్తాం.’ 340 డాలర్లు జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపాను, పోయాయి. నిన్న డీపీఎస్ (టెక్సస్‌లో లైసెన్సులిచ్చే ప్రభుత్వ శాఖ) కౌంటర్ దగ్గర తెలిసింది, ఇవాళ రాస్తున్నాను.

ఆ కార్డు ఎలా ఉంటుందో చెప్తాను, ఎవరైనా మీకు చూపిస్తే గుర్తుపడతారు. ఏటీఎం కార్డు సైజు ప్లాస్టిక్ ముక్క. ముందు భూగోళం బొమ్మ, మెరిసే స్టిక్కరు, మన ఫోటో, ఐదేళ్ల తర్వాతి తేదీ. దాంతోపాటు నాలుగైదు భాషల్లో అచ్చేసిన చిన్న పుస్తకం. ఆ పుస్తకం ఆఖరి పేజీలో అడుగున, ఆవగింజంత అక్షరాల్లో ఒక లైను: ఇది అనువాదం మాత్రమే, ఏ ప్రభుత్వమూ ఇచ్చిన పత్రం కాదు. కౌంటర్‌లో ఆవిడ కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, పక్కకి జరిపి, పాస్‌పోర్ట్, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే స్టూడెంట్ పత్రం) ఇవ్వమంది. ఆ కార్డుతో ఆవిడకి పనే లేదు.

బయటికొచ్చి వాడికి ఫోన్ చేశాను. ‘అన్నా, ఇది చెల్లదంటున్నారు’ అన్నాను. ఒక్క క్షణం కూడా ఆగలేదు. ‘తమ్ముడూ, లైసెన్సని నేనెప్పుడన్నా? ట్రాన్స్‌లేషన్ అని రాసే ఉంది కదా. మాస్టర్స్ చదవడానికొచ్చినోడివి, ఆ మాత్రం చదువుకోవద్దా?’ అన్నాడు. డబ్బు తిరిగిమ్మంటే ఫోన్ పెట్టేసి నంబర్ బ్లాక్ చేశాడు, గ్రూపులోంచి కూడా తీసేశాడు. రెండు వారాల క్రితం అదే గొంతు ‘మన ఊరి పిల్లలు, మోసం చేస్తానా’ అంది. డబ్బు కన్నా ఆ మాటే ఎక్కువ మండుతోంది. ఆ ఆఖరి పేజీ నేను ముందే చదివి ఉండాల్సింది, అది నా తప్పే. వాడి తప్పు దాంతో చెరిగిపోదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ ‘లైసెన్స్’ అనేదే లేదు. ఉన్నది ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, అంటే ఐడీపీ. మన దేశపు లైసెన్సుకి అది అధికారిక అనువాదం, అంతే. ఏ దేశం లైసెన్సిచ్చిందో ఆ దేశమే దాన్నివ్వాలి. ఇండియా లైసెన్సున్నవాళ్లకి ఆర్టీఏ ఆఫీసు ఇస్తుంది: ఫారం 4ఏ, లైసెన్సు, పాస్‌పోర్ట్, వీసా కాపీలు, కేంద్ర నిబంధనల ప్రకారం 1000 రూపాయల ఫీజు, ఆ పైన రాష్ట్రం సర్వీస్ చార్జీ. అమెరికాలో కూర్చుని ఇండియా లైసెన్సు మీద కొత్త ఐడీపీ ఇచ్చే హక్కు ఏ ప్రైవేటు కంపెనీకీ లేదు. ఇక్కడి ట్రిపుల్ ఏ (అమెరికా వాహనదారుల సంఘం) ఇచ్చేది కూడా అమెరికా లైసెన్సు ఉన్నవాళ్లకే. ఇండియాలో తీసుకున్న ఐడీపీ గడువు ఇక్కడ అయిపోతే ఇండియన్ ఎంబసీ ద్వారా రెన్యూవల్‌కి పెట్టుకునే వీలు 2021లో వచ్చింది. అది రెన్యూవల్ మాత్రమే, కొత్తది కాదు.

అసలుదీ దొంగదీ తేడా పట్టడం తేలిక. ఇండియా ఇచ్చే ఐడీపీ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఉంటుంది, ఏడాదికి మించి చెల్లదు. కాగితపు పుస్తకంలా ఉంటుంది, ప్లాస్టిక్ కార్డు కాదు. మూడేళ్లు, ఐదేళ్లు, పదేళ్లు అన్నారంటే అక్కడే ఆపేయండి. అసలు ఐడీపీ ఉన్నా పక్కన ఇండియా ఒరిజినల్ లైసెన్సు లేకపోతే అది ఉత్త కాగితమే. చాలామంది ఒరిజినల్‌ని ఇంట్లో అమ్మ దగ్గర పెట్టి ఫోటోతో వస్తున్నారు. అలా రావద్దు.

టెక్సస్‌కి కొత్తగా వచ్చి ఇక్కడే ఉంటున్నవాళ్లు సొంత దేశపు చెల్లుబాటయ్యే లైసెన్సుతో 90 రోజులు నడపొచ్చు. ఆ తర్వాత టెక్సస్ లైసెన్సే కావాలి, ఐడీపీ మీద ఇంకా కొన్ని నెలలు మిగిలున్నా సరే. ఫ్రాన్స్, జర్మనీ, దక్షిణ కొరియా, కెనడా వాళ్లకి టెస్టుల విషయంలో సడలింపు ఉంది, ఇండియాకి లేదు. మనం రాత పరీక్షా రాయాలి, రోడ్ టెస్టూ ఇవ్వాలి. ‘రోడ్ టెస్ట్ లేదు’ అన్న ఒక్క ముక్క చాలు, వాడు అబద్ధం చెప్తున్నాడని తెలియడానికి. పోలీసులు ఆపినప్పుడు లైసెన్సు లేకపోతే జరిమానాతో పోవచ్చు. దొంగదని తెలిసి కూడా ఆ కార్డు జేబులో పెట్టుకు తిరిగితే అది వేరే నేరం, చాలా పెద్దది. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి అలాంటి కేసు ఎంత ప్రమాదమో మీకు తెలుసు.

వాడి ప్యాకేజీలో మిగతావి కూడా చూడండి. డీపీఎస్ అపాయింట్‌మెంట్ వాళ్ల సైట్లో ఉచితం. నెలల తర్వాత డేట్ చూపిస్తే పొద్దున్నే మళ్లీ చూడండి, అదే రోజు స్లాట్లు కొన్ని వదులుతారు. 18 నుంచి 24 మధ్య వయసువాళ్లు ఇక్కడ మొదటి లైసెన్సుకి ఆరు గంటల అడల్ట్ డ్రైవింగ్ కోర్సు చెయ్యాలి, దానికి డబ్బు కట్టాలి. రోడ్ టెస్ట్‌కి ముందు చూడాల్సిన గంట వీడియో కోర్సు, ఐటాడ్, పూర్తిగా ఉచితం. దాని సర్టిఫికెట్ 90 రోజులే చెల్లుతుంది కాబట్టి టెస్ట్ డేట్ దొరికాకే చెయ్యండి. ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) సరిహద్దు తనిఖీ శాఖ సీబీపీ సొంత సైట్లో ఉచితంగా దిగుతుంది, దానికీ డబ్బులడిగే నకిలీ సైట్లున్నాయి. లైసెన్సు ఫీజు 33 డాలర్లు, అది డీపీఎస్‌కే కడతాం. మరి 340 దేనికి?

డీపీఎస్‌కి వెళ్లేటప్పుడు: పాస్‌పోర్ట్, వీసా, ఐ-94, ఐ-20, నింపిన డీఎల్-14ఏ ఫారం, ఇంటి అడ్రస్‌కి రెండు వేర్వేరు ఆధారాలు. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదని భయపడొద్దు, ఎప్పుడూ రాలేదని సంతకం పెడితే చాలు. ఎక్కువమంది ఇరుక్కునేది అడ్రస్ దగ్గర. లీజు రూమ్మేట్ పేరు మీదుంటే డీఎల్-5 అనే రెసిడెన్సీ అఫిడవిట్ కావాలి, ఆ రూమ్మేట్ తన కాగితాలు పట్టుకుని మీతో రావాలి. ఇది తెలియక ఒక అపాయింట్‌మెంట్ పోతే మళ్లీ మొదటికి.

రెండో చిక్కు సేవ్ వెరిఫికేషన్. కౌంటర్‌లో మన స్టేటస్‌ని ఇమిగ్రేషన్ రికార్డుతో పోల్చి చూస్తారు. దిగిన మర్నాడే పరిగెత్తితే రికార్డు ఇంకా అప్‌డేట్ అయి ఉండదు. దిగాక పది రోజులు ఆగండి, యూనివర్సిటీ సెవిస్‌ని (ప్రభుత్వం దగ్గరుండే మన స్టూడెంట్ రికార్డు) యాక్టివ్ చేసిందని తెలుసుకుని ఇంకో రెండు పనిదినాలు ఆగి వెళ్లండి. మనవాళ్లకి పేర్ల గొడవ కూడా ఉంది: పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ ఖాళీగా ఉండి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో ఉంటే వీసాలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఐ-94లో ఒకలా, ఐ-20లో ఇంకోలా ఉంటే వెరిఫికేషన్ అక్కడే ఆగుతుంది. వెళ్లేముందు పాస్‌పోర్ట్, ఐ-94, ఐ-20 మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. తేడా ఉంటే డీఎస్ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల కాగితాలు చూసే అధికారి) దగ్గరికి వెళ్లండి, ఏజెంట్ దగ్గరికి కాదు. కేసు ఆగితే వాళ్లిచ్చే నంబర్‌తో సేవ్ కేస్‌చెక్ సైట్లో మీరే చూసుకోవచ్చు.

రాత పరీక్ష 30 ప్రశ్నలు, 21 రైటైతే పాస్. డీపీఎస్ హ్యాండ్‌బుక్ ఉచితమే, దాన్ని రెండుసార్లు చదివితే సరిపోతుంది. రోడ్ టెస్ట్‌కి ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ సరిగా ఉన్న కారు మనమే తీసుకెళ్లాలి. మన అలవాట్లు దెబ్బతీసేది స్టాప్ సైన్ దగ్గర: చక్రం పూర్తిగా ఆగాలి, మెల్లగా దొర్లించుకుంటూ పోతే ఆగినట్టు కాదు. ఎర్ర లైట్ మీద కుడికి తిరిగేటప్పుడూ అంతే. లేన్ మారేటప్పుడు అద్దం చూస్తే చాలదు, తల తిప్పి భుజం మీదుగా చూడాలి. ప్యారలల్ పార్కింగ్ కనీసం వారం రోజులు ఖాళీ లాట్‌లో సాధన చెయ్యండి. వచ్చే లైసెన్సు మీద ‘లిమిటెడ్ టర్మ్’ అని ఉంటుంది, మన స్టేటస్ గడువుతోనే దాని గడువూ అయిపోతుంది. కంగారు పడొద్దు, అది మామూలే.

ఇండియాలో ఇంకా ఫ్లైట్ ఎక్కనివాళ్లు ఉంటే ఈ వారమే ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లి ఐడీపీ తీసుకోండి. ఇప్పటికే వాడికి కట్టినవాళ్లు, క్రెడిట్ కార్డ్ అయితే వెంటనే బ్యాంకులో డిస్ప్యూట్ వెయ్యండి. జెల్ అయితే తిరిగి రావడం కష్టం, అయినా బ్యాంకుకి చెప్పండి, ఎఫ్‌టీసీ (వినియోగదారుల మోసాలు చూసే కేంద్ర సంస్థ) రిపోర్ట్‌ఫ్రాడ్ సైట్లో, టెక్సస్ అటార్నీ జనరల్ దగ్గర ఫిర్యాదు పెట్టండి. నేను రెండూ పెట్టాను. వాడితో జరిగిన చాట్ డిలీట్ చెయ్యకండి, బ్లాక్ చేసేలోపే స్క్రీన్‌షాట్లు తీసుకోండి.