లూయిజా, రికార్డా, ఆన్నా: జర్మనీ పర్యావరణ రాజకీయాల్లో ఏ దారి మేలు?

పర్యావరణం కోసం పనిచేయాలన్న పట్టుదల ఉన్న పిల్లలు, ముఖ్యంగా మాస్టర్స్ చదవడానికి జర్మనీ వెళ్లినవాళ్లు, మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. లూయిజా నోయ్‌బవర్‌లా పదవులకు దూరంగా ఉండి పోరాడటం మేలా? రికార్డా లాంగ్‌లా గ్రీన్ పార్టీలో మెట్టు మెట్టూ ఎక్కడం మేలా? గ్రీన్స్ అంటే జర్మనీలో పర్యావరణమే ప్రధానమైన పార్టీ; ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్ అంటే బడిపిల్లల వాతావరణ సమ్మెల ఉద్యమం, జర్మనీలో దాని ముఖం లూయిజా. ఇక నేరుగా విషయంలోకి వస్తాను. అయితే ఈ ఇద్దరితో సరిపెట్టను. మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడని గ్రీన్ నాయకురాలు ఆన్నా ల్యూర్మన్‌ను కూడా వీళ్ల పక్కన నిలబెట్టి చూడాలి.

ముందు రికార్డా. 1994లో పుట్టారు. 2017లో గ్రీన్ యువజన విభాగానికి, 2022 జనవరిలో ఏకంగా పార్టీకే ఓమిద్ నూరీపూర్‌తో కలిసి అధ్యక్షురాలయ్యారు. అప్పటికి ఆమెకు 28 ఏళ్లు. మధ్యలో పార్టీ ఉపాధ్యక్ష పదవి, 2021లో బుండెస్టాగ్ (జర్మనీ పార్లమెంటు) సీటు. లా చదువుతూ పట్టా తీసుకోకుండానే పూర్తికాలం రాజకీయాల్లోకి వచ్చేశారు. ప్రత్యర్థులు ఆమె మీద ప్రతిసారీ విసిరిన రాయి ఇదే: డిగ్రీ లేదు, ఒక్క ఉద్యోగమైనా చేయలేదు. ఆమె శరీరం మీద వేసిన నీచమైన మాటల సంగతి ఇక్కడ ఎత్తను, వాటికి జవాబు చెప్పడం కూడా దండగ. చదువు విషయంలోనూ నాకు ఆమె పక్షాన నిలబడాలనే ఉంటుంది. ఒంటరిగా పిల్లను పెంచిన సోషల్ వర్కర్ కూతురు దేశంలోని ఒక పెద్ద పార్టీకి ఆ వయసులో అధ్యక్షురాలు కావడం చిన్న విషయం కాదు. డబ్బూ వారసత్వమూ లేని పిల్లలకు తలుపు తెరిచే గుణం జర్మనీ పార్టీల్లో ఇంకా మిగిలి ఉందనడానికి ఆమే సాక్ష్యం.

కానీ ఆ విమర్శలో ఒక గింజ నిజం ఉంది, అది డిగ్రీ గురించి కాదు. జర్మనీలో ఓట్ల శాతాన్ని బట్టి పార్టీకి సీట్లు వస్తాయి, వాటిని పార్టీ జాబితాలోని వరుస ప్రకారం నింపుతారు; చిన్న పార్టీల అభ్యర్థులు ఎక్కువమంది గెలిచేది రాష్ట్ర జాబితాలో తమకు దక్కిన స్థానాన్ని బట్టి. ఆ స్థానం ఎవరిదో తేల్చేది పార్టీ ప్రతినిధులు. బతుకుతెరువు కూడా పార్టీయే అయినప్పుడు, పార్టీ తప్పు చేస్తున్న రోజున లేచి కాదనడం ఎంత కష్టమో ఊహించండి. అధ్యక్షురాలికి మరీ కష్టం.

ల్యూట్సరాత్ గుర్తుందా? గార్ట్స్‌వైలర్ లిగ్నైట్ బొగ్గు గని అంచున ఉన్న చిన్న ఊరు. 2022 అక్టోబరులో గ్రీన్ పార్టీకే చెందిన కేంద్రమంత్రి రోబర్ట్ హాబెక్, నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రమంత్రి మోనా నోయ్‌బవర్ (లూయిజాకు బంధువు కాదు, ఇంటిపేర్లలో చివరి పలుకు కూడా కొంచెం తేడా) ఆ గనిని నడిపే విద్యుత్ కంపెనీ ఆర్‌డబ్ల్యూఈతో ఒప్పందం చేసుకున్నారు. ఆ ప్రాంతంలో బొగ్గుకు స్వస్తి చెప్పే గడువు 2038 నుంచి 2030కి ముందుకు జరిగింది, ఐదు ఊళ్లు బతికాయి. ల్యూట్సరాత్‌ను మాత్రం గనికి వదిలేశారు. రష్యా గ్యాస్ ఆగిపోయిన చలికాలం ముందర కుదిరిన బేరం అది. 2023 జనవరిలో పోలీసులు ఆ ఊరు ఖాళీ చేయిస్తుంటే లూయిజా నిరసనకారుల మధ్య ఉన్నారు. రికార్డా ఆ ఒప్పందాన్ని సమర్థిస్తూ మైకుల ముందు ఉన్నారు. ఎనిమిదేళ్లు ముందుకు జరగడం నిజంగా పెద్ద లాభం, దాన్ని తీసిపారేయలేం. అయినా ఆ బేరం మంచిదేనని ఆమె మనసారా నమ్మారా, నమ్మక తప్పలేదా అన్నది బయటివాళ్లకు తెలిసే అవకాశమే లేదు. పార్టీ పదవి మనిషికి చేసేది అదే.

2024 సెప్టెంబరులో తూర్పు రాష్ట్రాల ఎన్నికలు గ్రీన్స్‌ను దెబ్బకొట్టాయి. తురింగియాలోనూ బ్రాండెన్‌బుర్గ్‌లోనూ సభలో చోటుకు కావాల్సిన 5 శాతం ఓట్ల గీత దాటలేక శాసనసభల నుంచే బయటపడ్డారు. సెప్టెంబరు 25న రికార్డా, నూరీపూర్, మొత్తం కార్యవర్గం రాజీనామా ప్రకటించింది. మూడేళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాతి మార్పే నాకు అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది: 2025 ఫిబ్రవరిలో సాధారణ ఎంపీగా తిరిగి గెలిచిన రికార్డా మాట ఇప్పుడు సూటిగా ఉంది, వినబుద్ధవుతోంది. అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు ఆమె నోట విననివి ఇప్పుడు వింటున్నాం.

అందుకే నా కొలబద్ద ఇది: పదవి లేని రోజున ఆ మనిషి మాట ఎంత చెల్లుతుంది? ఎంత చిన్న వయసులో గెలిచారు, ఎన్ని పదవులు చేశారు అన్నవి నాకు ముఖ్యం కావు. జర్మనీ చట్టం ప్రకారం కర్బన తటస్థతకు (వదిలే ఉద్గారాలూ పీల్చుకునేవీ సమానం కావడానికి) గడువు 2045. బుండెస్టాగ్ కాలం నాలుగేళ్లు. ఇరవై ఏళ్ల పనికి పూనుకున్న మనిషి మధ్యలో కనీసం ఒక్కసారైనా ఓడిపోతుంది, పదవి పోగొట్టుకుంటుంది. ఆ రోజు కోసం ఏం సిద్ధం చేసుకుంది?

ఈ కొలతలో లూయిజాది తిరుగులేని స్థానం. గ్రీన్ పార్టీ సభ్యురాలే గానీ ఏ పదవికీ పోటీ చేయలేదు. 2020 జనవరిలో, 23 ఏళ్ల వయసులో, సీమెన్స్ అధిపతి జో కేజర్ ఆమెకు సీమెన్స్ ఎనర్జీలో పర్యవేక్షక మండలి సీటు ఇవ్వజూపారు. ఆస్ట్రేలియాలో అదానీ గ్రూపు కార్మైకేల్ బొగ్గు గనికి వేసే రైలుమార్గానికి సిగ్నళ్లు అందించే కాంట్రాక్టు మీద సీమెన్స్‌పై విమర్శలు చెలరేగుతున్న రోజులవి. ఆ సీటు తీసుకుంటే కంపెనీ ప్రయోజనాలకు కట్టుబడాలి, ఇక స్వేచ్ఛగా విమర్శించలేనంటూ ఆమె వద్దన్నారు. సీమెన్స్ కాంట్రాక్టును వదులుకోలేదు. అయినా ఆ ‘వద్దు’ విలువ తగ్గలేదు.

దానికంటే పెద్దది కార్ల్స్‌రూ తీర్పు; జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఉన్న ఊరు అది. 2019 వాతావరణ చట్టం 2030 వరకే లెక్కలు చెప్పి ఆ తర్వాతి భారమంతా రాబోయే తరాల మీదికి నెట్టేసిందంటూ వేసిన నాలుగు రాజ్యాంగ ఫిర్యాదుల్లో ఒకదాంట్లో లూయిజా ఉన్నారు. ఉత్తర సముద్రపు దీవుల్లో పెరిగిన యువకులూ ఫిర్యాదుదారులే. మరో ఫిర్యాదు బంగ్లాదేశ్, నేపాల్ వాసులది. వాళ్ల వాదనను కోర్టు వినడానికి ఒప్పుకుంది గానీ హక్కుల ఉల్లంఘన జరిగిందని అనలేదు. మన పొరుగువాళ్ల ప్రస్తావన ఆ తీర్పులో ఉందన్న సంగతి మనకు తెలిసి ఉండాలి. 2021 ఏప్రిల్ 29న వెలువడిన తీర్పులో చట్టం కొంత భాగం రాజ్యాంగవిరుద్ధమని తేలింది. ఇవాళ తగ్గించని ఉద్గారాలు రేపటివాళ్ల స్వేచ్ఛను హరిస్తాయన్న తర్కం న్యాయశాస్త్రంలోనే కొత్త. కొన్ని నెలల్లోనే పార్లమెంటు 2030 లక్ష్యాన్ని 1990తో పోలిస్తే 55 నుంచి 65 శాతం తగ్గింపుకు పెంచింది, తటస్థత గడువును 2050 నుంచి 2045కి తెచ్చింది. ఒక్క ఓటు కూడా అడగకుండా ఇంత సాధించిన ఎంపీ ఎవరున్నారు?

మరి లూయిజా దారే మేలని ఇక్కడే ఎందుకు ఆగను? రెండు కారణాలున్నాయి. మొదటిది, కోర్టులో గెలిచినదాన్ని సభలో కాపాడుకోవాలి. ఏ రంగమైనా, రవాణా అనుకోండి, ఏడాది ఉద్గారాల పరిమితి దాటితే ఆ శాఖ వెంటనే దిద్దుబాటు కార్యక్రమం ఇవ్వాలన్న నిబంధన ఆ చట్టానికి కోరలాంటిది. 2024లో గ్రీన్స్ భాగస్వాములైన ప్రభుత్వమే దాన్ని సడలించింది. బయట నిరసనలు జరిగాయి, సంస్థలు మళ్లీ కార్ల్స్‌రూ వెళ్లాయి. కానీ సవరణ మీద చెయ్యెత్తే హక్కు లోపలివాళ్లదే.

రెండోది మీరు ఆలోచించాల్సినది. లూయిజా దారికి 2019 లాంటి సంవత్సరం కావాలి. ఆ ఏడాది సెప్టెంబరు 20న జర్మనీలో 14 లక్షల మంది వీధుల్లోకి వచ్చారని నిర్వాహకుల లెక్క. ఆ జనం తర్వాత్తర్వాత పలచబడ్డారు. అలాంటి కెరటం ఎవరి చేతిలోనూ ఉండదు. అది లేచినప్పుడు లూయిజా ఒడ్డున నిలబడలేదు, అది ఆమె గొప్పదనం. కానీ ఇరవై ఏళ్ల అమ్మాయి దాన్ని నమ్ముకుని జీవితాన్ని ప్లాన్ చేసుకోవడం కుదరదు.

ఇక ఆన్నా ల్యూర్మన్. 2002లో హెస్సె రాష్ట్రం నుంచి 19 ఏళ్లకు బుండెస్టాగ్‌కు ఎన్నికయ్యారు. అప్పటికి ప్రపంచంలోకెల్లా చిన్న వయసు పార్లమెంటు సభ్యురాలు. (మన లోక్‌సభకు 25 నిండాలి, కాబట్టి మన దగ్గర ఆ రికార్డుకు తావే లేదు.) రెండు విడతలు పనిచేశారు, ఎంపీగా ఉంటూనే దూరవిద్యలో హాగెన్ విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ చేశారు. 2009లో, 26 ఏళ్ల వయసులో, మళ్లీ పోటీ చేయకుండా తప్పుకున్నారు. ఓడిపోయి కాదు.

ఆ తర్వాతి పన్నెండేళ్లు చూడండి. కొంతకాలం సూడాన్‌లో ఉన్నారు. బెర్లిన్ హుంబోల్ట్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో వీ-డెమ్ సంస్థకు ఉప సంచాలకురాలయ్యారు. మన దేశంలో ఏటా వాదోపవాదాలు రేపే ప్రజాస్వామ్య సూచీలు అక్కడివే. ప్రజాస్వామ్యాలు ఒక్కదెబ్బకు కూలకుండా మెల్లగా ఎలా తొలుచుకుపోతాయో స్టఫాన్ లిండ్‌బర్గ్‌తో కలిసి 2019లో ఆమె రాసిన పరిశోధన పత్రాన్ని ఆ రంగంలో పనిచేసేవాళ్లు ఇప్పటికీ ఉదహరిస్తూనే ఉన్నారు. అప్పుడు, 2021లో, మళ్లీ పోటీ చేసి గెలిచారు. ఆ డిసెంబరులోనే విదేశాంగ శాఖలో యూరప్, వాతావరణ వ్యవహారాల సహాయమంత్రి అయ్యారు. ప్రభుత్వం ముగిసేదాకా ఆ బాధ్యతలో ఉన్నారు.

ఈ దారి నన్ను కట్టిపడేయడానికి కారణం ఆమె పేరు మోగడం కాదు. లూయిజా పేరు మోగినట్టు అది మోగనే లేదు. సహాయమంత్రిగా ఆమె కూడా ప్రభుత్వ మాటకు కట్టుబడాల్సిందే, ల్యూట్సరాత్ మీద వేరే పాట పాడే వీలు లేదు. అయితే పదవి పోతే తిరిగి వెళ్లడానికి ఆమెకు ఒక పని ఉంది, ఆ పనిలో పార్టీతో సంబంధం లేని పేరు ఉంది. పార్టీకి ఆమె ఎంత అవసరమో ఆమెకు పార్టీ అంత అవసరం కాదు. జాబితాలో స్థానం కోసం నోరు కట్టుకోనక్కర్లేని స్థితి అది. పైగా ఈ దారికి కెరటాలు అక్కర్లేదు, చదువూ ఓపికా ఉంటే చాలు.

మిగతా దారుల గురించి క్లుప్తంగా. యూరోపియన్ పార్లమెంటు దారి టెర్రీ రైన్ట్‌కెది: 2014 నుంచి సభ్యురాలు, ఇప్పుడు గ్రీన్ బృందానికి సహ నాయకురాలు. పని నిలకడగా సాగుతుంది, స్వదేశంలో ఎవరూ పట్టించుకోరు. గనుల దిగ్బంధం ఉద్యమం నుంచి 2021లో బుండెస్టాగ్‌కు వచ్చిన కాత్రిన్ హెన్నెబెర్గర్‌ది ధైర్యమైన దారి, సొంత పార్టీతో రోజూ ఘర్షణే. 2024లో రికార్డా రాజీనామా రోజునే గ్రీన్ యువజన విభాగం కార్యవర్గమంతా పార్టీ వదిలి వెళ్లిపోయింది. పొత్తుల్లో రాజీలు తమవల్ల కాదన్నారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, వాళ్ల దారి ఎటు తేలుతుందో చెప్పే సమయం ఇంకా రాలేదు.

మన ఊళ్లో ఉండి ఈ దారులు పోల్చుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: జర్మనీలో 5 శాతం ఓట్లు వస్తే పార్టీకి సభలో చోటుంటుంది, మన పద్ధతిలో రాష్ట్రమంతా 5 శాతం తెచ్చుకున్నా ఒక్క సీటూ రాకపోవచ్చు. కాబట్టి రికార్డా దారి మన దగ్గర మొదలే కాదు. కార్ల్స్‌రూ దారికి మాత్రం పోలిక దొరుకుతుంది: బట్టమేక పిట్టల కేసులో 2024లో మన సుప్రీంకోర్టు వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణను 14, 21 అధికరణాల కింద హక్కుగా గుర్తించింది.

ఇప్పటికే జర్మనీలో ఉన్న పిల్లలకు: పౌరసత్వం లేకుండా మీకు ఓటు రాదు, స్థానిక ఎన్నికల్లో కూడా ఆ హక్కు యూరోపియన్ యూనియన్ దేశాల వాళ్లకే ఉంది. కానీ గ్రీన్ పార్టీ సభ్యత్వానికి పౌరసత్వం అడగరు. మీ ఊరి శాఖ సమావేశానికి వెళ్లొచ్చు, తీర్మానం పెట్టొచ్చు, దాని మీద చెయ్యెత్తొచ్చు. యువజన విభాగంలో చేరడానికి పార్టీ సభ్యత్వం కూడా అక్కర్లేదు, వయసు 28 నిండకుండా ఉంటే చాలు. చేరితే చేరండి గానీ థీసిస్ మాత్రం మధ్యలో వదలకండి.