పాట్ మార్కెట్ దగ్గర బంగారం టెస్టింగ్: పని బాగుంది, ఫలితమే బాలేదు

సికింద్రాబాద్ పాట్ మార్కెట్ పక్క సందులో మెట్లెక్కి పైకి వెళ్తే ఉంటుంది ఈ హాల్‌మార్కింగ్ సెంటర్. నగల షాపులవాళ్లకే కాదు, మామూలు జనానికి కూడా ఇలాంటి చోట టెస్ట్ చేసి రిపోర్టు ఇస్తారని చాలామందికి తెలీదు. నాలుగు నగల వరకు 200 రూపాయలు. ఎక్కడ కొన్నారు, బిల్లు ఏదీ అని ఆరాలు తీయరు.

నేను తీసుకెళ్లింది కాసుల పేరు. నా మాజీ భర్త పెళ్లిరోజుకి 22 క్యారెట్లని చెప్పి పెట్టింది. విడాకులప్పుడు ఏది ఎవరికని లిస్టు రాసుకుంటే, దీన్ని బంగారం రేటుకి లెక్కగట్టి మరీ నా వాటాలో వేశారు, దానికి బదులుగా ఫ్లాటు అడ్వాన్సులో నా భాగం వదులుకున్నాను. (నీకు పెట్టిన నగని మళ్లీ నీ వాటా కింద లెక్కేయడమేంటే అని మా అక్క అప్పుడే గొడవ పెట్టింది.) ఇప్పుడు గోల్డ్ లోన్ అవసరం పడి, బ్యాంకుకి వెళ్లేముందు ప్యూరిటీ ఎంతో చూద్దామని వెళ్లాను.

ముందు ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషీన్‌లో, అంటే ఎక్స్‌రేలతో లోహాల్ని గుర్తుపట్టే మెషీన్‌లో, పెట్టారు. నగని కోయరు, కరిగించరు, కాసేపట్లో ఏ లోహం ఎంత శాతమో తెర మీద వచ్చేస్తుంది. కాకపోతే అది చదివేది పైపొర మాత్రమే, పూత మందంగా ఉంటే దాన్నీ బురిడీ కొట్టించొచ్చట. నా నగకి మొదటిసారే వెండి శాతం మరీ ఎక్కువ చూపించింది. టెస్ట్ చేస్తున్నాయన భూతద్దం పెట్టి కొక్కెం వెనక చూసి, "ఇది చదవండమ్మా" అన్నారు. 925 అని ఉంది. 22 క్యారెట్ల బంగారానికైతే 916 ఉండాలి, అంటే వెయ్యి పాళ్లలో 916 బంగారమని. 925 అనేది వెండి ముద్ర, వెయ్యిలో 925 పాళ్లు వెండని. ఇంట్లో అమ్మకి చెప్తే "916 కన్నా 925 పెద్దదే కదే" అంది పాపం. నాతో సంతకం పెట్టించుకుని ఒక కాసు వెనక కాస్త గీకి మళ్లీ చూశారు. లోపలంతా వెండే.

వెండి మీద బంగారు పూత వేసిన టెంపుల్ జ్యువెలరీ తప్పుడు సరుకేం కాదు, ఫలానా అని చెప్పే అమ్ముతారు, ముద్ర కూడా ఉంది. అంటే షాపువాడు దాచలేదు. ఇక దాచిందెవరో నేను వేరే చెప్పక్కర్లేదు. పెట్టినప్పుడు అబద్ధం చెప్పాడంటే పోనీలే అనుకుందును, లాయర్ ముందు కూర్చుని దాన్నే గ్రాముల లెక్కన బంగారంగా రాయించాడు చూడండి, అక్కడ మండింది నాకు.

సెంటర్ సంగతికొస్తే, టెస్ట్ చేసినాయన ఓపికగా వివరించారు, ప్రతి రీడింగూ నాకు చూపించాకే రాసుకున్నారు. కౌంటర్‌లో కుర్రాడు మాత్రం "మేడమ్, మీది వెండి" అని హాలంతా వినపడేలా అరిచాడు, క్యూలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఒక స్టార్ అందుకే కట్. కూర్చోడానికి కుర్చీలు చాలవు, బండి పెట్టుకునే చోటు అసలే లేదు, ఆటోలో వెళ్లడం మేలు. నగ ఫోటోతో రిపోర్టు మాత్రం చాలా స్పష్టంగా ఇచ్చారు, మెట్లు దిగకముందే లాయర్‌కి వాట్సాప్ చేశాను.